నేరం ఒప్పుకొని జరిమానా కడితే గంజాయి కేసు పోతుందా?

మీ తమ్ముడికి 19 ఏళ్లని, భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడని, 60 గ్రాముల గంజాయితో పట్టుబడితే నోటీసు ఇచ్చి ఇంటికి పంపారని, నేరం ఒప్పుకొని జరిమానా కట్టేస్తే ఒక్క వాయిదాతో పీడ వదులుతుందని తెలిసినవారు చెబుతున్నారని రాశారు. కొన్నేళ్ల క్రితం మా మేనల్లుడు పట్టుబడినప్పుడు మాకూ అచ్చంగా ఇదే సలహా వచ్చింది. దయచేసి ఆ తొందర పడకండి.

మాదకద్రవ్యాలకు సంబంధించిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్ష సరుకు బరువును బట్టి ఉంటుంది. గంజాయి కిలో వరకు అయితే స్వల్ప పరిమాణం కింద ఏడాది వరకు కఠిన కారాగారం గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. కిలో దాటితే పదేళ్ల వరకు, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. అదే చరస్ (గంజాయి మొక్క జిగురు) అయితే స్వల్ప పరిమాణం 100 గ్రాములతోనే ఆగిపోతుంది. అందుచేత ముందుగా ఎఫ్‌ఐఆర్, మధ్యవర్తుల నివేదిక (పంచనామా) నకళ్లు తెచ్చుకొని, ఏ సరుకు అని రాశారో, తూకం ఎంత వేశారో, ఎవరి దగ్గర దొరికిందన్నారో మీరే ఒక్కొక్క పంక్తీ చదవండి. మా వాడు స్నేహితుడి బండి వెనక కూర్చుని రావులపాలెం వైపు వస్తుండగా తనిఖీలో ఆపారు. పొట్లం సీటు కింద దొరికింది. కాగితంలో మాత్రం ఇద్దరి దగ్గరా దొరికినట్లు ఉంది. ఆ తేడా మేము చాలా ఆలస్యంగా గమనించాము.

మొదటి వాయిదా నాడు మా అక్క ఆ విడత కొబ్బరి దింపు సొమ్ములోంచి పదివేలు కొంగున ముడి వేసుకొని కోర్టు వరండాలో కూర్చుంది. పిల్లవాడు చెప్పు అంచుతో గచ్చు గీకుతూ, "ఒప్పేసుకుంటాను మామయ్యా, ఇంకోసారి ఈ మెట్లు ఎక్కలేను" అన్నాడు. ప్లీడరు గారు వాణ్ని పక్కకు పిలిచి, జరిమానా రసీదుతో పాటు శిక్ష పడినవాడన్న పేరు కూడా ఇంటికి వస్తుందని చెప్పారు. మామూలు కేసుల్లో మొదటి తప్పు కింద ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడికకు పూచీ తీసుకొని, వదిలే వెసులుబాటు ఉంటుంది గనుక ఇక్కడా ఉంటుందని మేము అనుకున్నాము. కానీ ఈ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లు నిండినవారికి గంజాయి దగ్గర ఉంచుకున్న కేసులో ఆ వెసులుబాటు వర్తించదు. పైగా ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ దొరికితే గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లవుతుంది.

ఆ తరువాత ప్లీడరు గారు, "ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావు?" అని అడిగారు. ఎనిమిది నెలలనీ, అది లేకపోతే నిద్ర పట్టడం లేదనీ వాడు మెల్లగా చెప్పాడు. మా అక్క ఆ మాట వినడం అదే మొదటిసారి. కొంగు ముడి అలాగే పట్టుకొని చాలాసేపు వాడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

మాకు దారి చూపింది ఆ జవాబే. అలవాటుకు బానిసైనవాడు తాగిన కేసులో గానీ, స్వల్ప పరిమాణం కేసులో గానీ ఉండి, తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఆ అలవాటు మాన్పించే వైద్యానికి చేరితే, 64ఏ సెక్షన్ వాడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చు. మా వాడు మధ్యలో రెండుసార్లు ఇంటికి వచ్చేస్తానని ఏడ్చాడు. మేము వంతులవారీగా వాడి దగ్గర కూర్చున్నాము. చివరకు ఆసుపత్రి ధ్రువపత్రం జతచేసి పిటిషన్ వేస్తే, శిక్ష అనేది లేకుండానే కేసు ముగిసింది. మీ తమ్ముడికి నిజంగా అలవాటు ఉంటేనే ఈ దారి. లేనివాడి చేత ఉన్నదని అబద్ధం చెప్పించవద్దు, వాడి కేసు సాక్ష్యం మీద నడవాలి.

పాస్‌పోర్టు గురించి కూడా అడిగారు. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు గానీ, 1993 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకొని పొందే వీలుంది. ఉద్యోగ దరఖాస్తులో కేసుల గురించి అడిగితే దాచకూడదు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, అడిగినప్పుడు నిజం చెప్పవలసిందేనని, దాచిన విషయం బయటపడితే నియామకం రద్దు చేయవచ్చని చెప్పింది. అమెరికా వీసా ఫారం శిక్షతో పాటు అరెస్టు గురించి కూడా అడుగుతుంది. మన కోనసీమలోనూ, భీమవరం వైపూ పిల్లల్ని అక్కడికి పంపాలనుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి గనుక ప్రత్యేకంగా చెబుతున్నాను: మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడితే వీసా దొరకడం చాలా కష్టం. నోటీసు నుంచి తుది తీర్పు వరకు ప్రతి కాగితం నకలు దాచుకోండి.

ప్లీడరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి. రేపే తమ్ముణ్ని ఒంటరిగా కూర్చోబెట్టుకొని, తిట్టకుండా, ఎన్నాళ్లుగా తాగుతున్నాడో అడగండి. వాడు అవునంటే, వాయిదా తేదీకి ముందే ఆసుపత్రి ఓపీ చీటీ మీ చేతిలో ఉండాలి.