ఎదుటివాడి నడుముకి గన్ ఉండే ఊళ్లో మా అబ్బాయి పోలీసవ్వొచ్చా?

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్లబ్బాయికి 19, అక్కడే పుట్టాడు, యూటీ డాలస్‌లో క్రిమినాలజీ రెండో ఏడు, కంప్యూటర్ సైన్స్‌కి మారరా నాయనా అంటే వినట్లేదు, పోలీసవుతా అంటున్నాడట. "మొన్న గ్యాస్ స్టేషన్‌లో పాలు కొంటుంటే పక్కనే ఒకాయన నడుముకి గన్ పెట్టుకుని తాపీగా కాఫీ పోసుకుంటున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. అందరి దగ్గరా ఇలా ఉంటే మావాడు ఎవర్ని ఆపాలి, ఎవర్ని వదిలేయాలి? వాడు పొరపాటున ఎవర్నైనా కాల్చినా, ఎవడైనా వాణ్ణి కాల్చినా నేను తట్టుకోలేను. అసలు దీని గురించి వాళ్లకి ఏమైనా నేర్పిస్తారా?" అని అడిగారు.

అమ్మా, పేరెంట్స్ మామూలుగా జీతమెంత, ప్రమోషన్ ఎప్పుడు అని అడుగుతారు, మీరు మాత్రం నేరుగా ఆ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన చోటే వేలు పెట్టారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మీ కంగారు నాకర్థమైంది. మనవైపు గన్ లైసెన్స్ అంటేనే ఎవరో ఒకరికి ఉంటుంది, ఎలక్షన్లొస్తే అది కూడా స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. టెక్సస్‌లో సంగతి వేరు. 2016 జనవరి 1 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్లు హ్యాండ్‌గన్ బయటికి కనపడేలా పెట్టుకోవచ్చన్నారు, 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆ లైసెన్స్ కూడా అక్కర్లేదు, 21 దాటి చట్టప్రకారం గన్ ఉంచుకునే అర్హత ఉంటే చాలు, బయటికి కనిపిస్తే హోల్‌స్టర్‌లో, అంటే గన్ పెట్టుకునే ఒరలో, ఉండాలి అంతే. ఇలా బయటికి కనపడేలా గన్ పెట్టుకు తిరగడాన్నే ఓపెన్ క్యారీ అంటారు. రైఫిల్ భుజానికేసుకుని తిరగడం అంతకుముందు నుంచే చట్టబద్ధం, జనాన్ని బెదరగొట్టేలా పట్టుకోనంతవరకు. షాపుల తలుపుల మీద 30.07 అని పెద్ద బోర్డు కనిపిస్తే దాని అర్థం కనపడేలా హ్యాండ్‌గన్ పెట్టుకుని లోపలికి రావొద్దని. కాబట్టి మీరు చూసినాయన ఏ తప్పూ చేయట్లేదు, రేపు మీవాడు యూనిఫాంలో అదే షాపుకెళ్లినా ఆయన తప్పు చేయట్లేదనే మొదలుపెట్టాలి.

పోలీసులంతా దీనికి ఒప్పుకున్నారా అంటే లేదు. 2015లో టెక్సస్ పోలీస్ చీఫ్‌ల సంఘం సర్వే చేస్తే నాలుగింట మూడొంతుల మంది చీఫ్‌లు ఓపెన్ క్యారీ వద్దన్నారు, 2021లో లైసెన్స్ తీసేసేటప్పుడు అప్పటి డాలస్ చీఫ్ ఎడ్డీ గార్సియా కూడా వద్దనే అన్నారు. కానీ కింద పెట్రోల్ కార్లో తిరిగే ఆఫీసర్లలో తుపాకీ హక్కుల వైపు ఉండేవాళ్లు చాలా ఎక్కువ, 2017లో ప్యూ రిసెర్చ్ అనే సర్వే సంస్థ విడుదల చేసిన దేశవ్యాప్త సర్వేలో 74 శాతం ఆఫీసర్లు గన్ కంట్రోల్ కంటే గన్ హక్కులు కాపాడటమే ముఖ్యం అన్నారు, మామూలు జనంలో అలా అన్నవాళ్లు 53 శాతమే. అంటే మీవాడు చేరబోయేది ఈ విషయంలో పైవాళ్లకీ కిందవాళ్లకీ ఒకే మాట లేని వృత్తిలోకి, అది వాడికి ముందే తెలియడం మంచిది.

ఇంత గొడవ ఎందుకంటే 2016 జులై 7 డాలస్ చూడండి. డౌన్‌టౌన్‌లో నిరసన ర్యాలీ, అందులో ఇరవై ముప్పై మంది రైఫిళ్లు వేసుకుని నడుస్తున్నారు, అంతా చట్టప్రకారమే. ఒకడు పోలీసుల మీద కాల్పులు మొదలుపెట్టాడు, ఐదుగురు ఆఫీసర్లు చనిపోయారు. ఆ గందరగోళంలో రైఫిల్ వేసుకుని ర్యాలీకొచ్చిన ఒక నల్లజాతి వ్యక్తి ఫోటోని పోలీసులే అనుమానితుడని ట్విట్టర్‌లో పెట్టేశారు, పాపం ఆయన తనంతట తనే వచ్చి గన్ అప్పజెప్పాడు, ఆయనకి ఏ సంబంధమూ లేదని తేలింది. తర్వాత అప్పటి డాలస్ పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌన్ చెప్పింది ఇదే, గుంపులో ఇన్ని రైఫిళ్లు ఉండి కాల్పులు మొదలైతే మంచివాడెవరో చెడ్డవాడెవరో మాకెలా తెలుస్తుందని.

ఇంకో వైపు కూడా చూడాలి. 2010లో ఒహాయోలోని టొలీడోలో ఒకాయన కుటుంబంతో కలిసి కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్తున్నాడు, నడుముకి గన్, అక్కడ అది లీగల్. దారినపోయే మోటార్‌సైకిల్ అతను 911కి, అంటే ఎమర్జెన్సీ నంబర్‌కి, ఫోన్ చేశాడు, ఆఫీసర్ వచ్చి గన్ లాక్కుని బేడీలేసి కార్లో కూర్చోబెట్టాడు. 2015లో అప్పీల్ కోర్టు చెప్పిందేంటంటే, చట్టబద్ధంగా గన్ ఉండటం ఒక్కటే అనుమానానికి కారణం కాదు, ఆయన ప్రమాదకరం అనడానికి ఇంకేదైనా కనిపించాలి. అలాగని కోర్టులన్నీ ఒకటే మాట మీద లేవు, 2017లో వెస్ట్ వర్జీనియా కేసులో ఇంకో అప్పీల్ కోర్టు, వేరే సరైన కారణంతో ఆపిన మనిషి దగ్గర గన్ ఉందని నమ్మితే, పర్మిట్ ఉన్నా సరే తడిమి చూడొచ్చంది. టెక్సస్ ఈ రెండు కోర్టుల కిందకీ రాదు, అక్కడి చట్టం డ్యూటీలో ఉన్న ఆఫీసర్‌కి ప్రాణరక్షణ కోసం అవసరమని సబబుగా అనిపిస్తే గన్ తీసి పక్కన పెట్టే అధికారం ఇచ్చింది, పంపించేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. ఆపడానికి కారణం, గన్ తీసుకోవడానికి కారణం, ఈ రెండూ వేరువేరు అని మీవాడి బుర్రలో గట్టిగా నాటుకోవాలి.

ఇక ట్రైనింగ్. టెక్సస్‌లో టీకోల్ అనే రాష్ట్ర కమిషన్ నిర్ణయించిన బేసిక్ కోర్సు 700 గంటల పైనే ఉంటుంది, చట్టం, అరెస్టులు, ఫైర్‌ఆర్మ్స్, మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లతో మాట్లాడటం అన్నీ ఉంటాయి, తర్వాత సీనియర్ పక్కన కూర్చుని నెలల తరబడి ఫీల్డ్ ట్రైనింగ్. బాగా నేర్పే చోట "గన్‌తో ఒకడున్నాడు" అని కాల్ రాగానే ముందు డిస్పాచర్‌ని, అంటే 911 ఫోన్లు తీసుకుని పోలీసుల్ని పంపేవాళ్లని, అడగడం నేర్పిస్తారు, గన్ హోల్‌స్టర్‌లో ఉందా చేతిలో ఉందా, ఎవర్నైనా బెదిరిస్తున్నాడా, లేక బిల్లు కట్టే లైన్లో నిలబడ్డాడా అని. వెళ్లాక చేతులు చూడాలి, దూరం పెట్టుకోవాలి, మామూలు గొంతుతో మాట్లాడాలి. కాల్చాలా వద్దా అనే సిమ్యులేటర్ సీన్లలో కూడా గన్ ఉండి ఏ ప్రమాదమూ లేని మనిషి కనిపించాలి, ఎప్పుడూ గన్ ఉన్నవాడే విలన్‌గా వస్తుంటే కుర్రాడి చెయ్యి దానికే అలవాటు పడిపోతుంది.

ఈ అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో 2016 జులై 6న, అంటే డాలస్‌కి ముందురోజే, మిన్నెసోటాలో కనిపించింది. ఫిలాండో కాస్టీల్ పర్మిట్ ఉన్న మనిషి, ట్రాఫిక్ స్టాప్‌లో నా దగ్గర గన్ ఉందండీ అని మర్యాదగా ముందే చెప్పాడు, క్షణాల్లో ఆఫీసర్ ఏడు సార్లు కాల్చాడు, పక్క సీట్లో గర్ల్‌ఫ్రెండ్, వెనక సీట్లో నాలుగేళ్ల పాప. ఆఫీసర్‌ని 2017లో జ్యూరీ నిర్దోషి అంది. ఆ ఆఫీసర్ అంతకు రెండేళ్ల ముందు బుల్లెట్‌ప్రూఫ్ వారియర్ అనే సెమినార్‌కి వెళ్లొచ్చాడు, ఎదురయ్యే ప్రతి మనిషిలో ముప్పు వెతకమనే రకం క్లాసులని అలాంటి వాటి మీద విమర్శ. 2019లో పక్కనే ఉన్న మినియాపోలిస్ మేయర్ తమ పోలీసులు డ్యూటీ లేనప్పుడు సొంతంగా కూడా అలాంటి క్లాసులకి వెళ్లకూడదన్నాడు. నల్లవాడి నడుముకున్న గన్నూ తెల్లవాడి నడుముకున్న గన్నూ ఆఫీసర్ కంటికి ఒకేలా కనపడుతున్నాయా అనేది ఇక్కడ దాటేయలేని ప్రశ్న, మీవాడితో ఇది ఓపెన్‌గా మాట్లాడండి, మనవాళ్లు ఇళ్లల్లో ఈ టాపిక్ అస్సలు ఎత్తరు.

కాబట్టి నా సలహా, వాణ్ణి ఆపొద్దు, కానీ ఏ డిపార్ట్‌మెంట్ అనేది జీతం చూసి ఎంచుకోనివ్వద్దు. రిక్రూటర్‌ని కలిసినప్పుడు ఇవి అడగమనండి: ఓపెన్ క్యారీ కాల్స్‌కి మీ రాతపూర్వక పాలసీ ఏంటి, అకాడమీ అయ్యాక సిమ్యులేటర్ ట్రైనింగ్ ఎంత తరచుగా ఉంటుంది, బయటి సెమినార్లకి ఎవరు ఒప్పుకుంటారు. జవాబు చెప్పడానికి చిరాకు పడితే ఇంకో డిపార్ట్‌మెంట్ చూసుకోవాలి. ఈలోపు రైడ్ ఎలాంగ్‌కి, అంటే డ్యూటీలో ఉన్న ఆఫీసర్‌తో పాటు కార్లో తిరిగి చూడటానికి, అప్లై చేయమనండి, ఒక శుక్రవారం రాత్రి షిఫ్ట్‌లో ఆ కార్లో కూర్చుంటే వాడికే తెలుస్తుంది. 911 డిస్పాచర్‌గా ఒక ఏడాది చేసినా చాలా పనికొస్తుంది. మీరు కూడా సిటిజన్స్ పోలీస్ అకాడమీకి, అంటే పోలీసుల పని ఎలా ఉంటుందో మామూలు జనానికి చెప్పే క్లాసులకి, వెళ్లండి, చాలా సిటీలు నడుపుతాయి, సాయంత్రం క్లాసులు.

ఇంట్లో వాణ్ణి గమనించాల్సింది ఒకటుంది. ఎవరైనా ఎదురు మాట్లాడితే వెంటనే గొంతు పెంచుతాడా, లేక రెండు క్షణాలు ఆగి మాట్లాడతాడా? చట్టప్రకారం గన్ పెట్టుకున్నాయన "నన్నెందుకు ఆపావ్, కారణం చెప్పు" అని ఫోన్‌తో వీడియో తీస్తూ నిలదీస్తే అవమానంగా ఫీలవకుండా నిలబడగలగాలి. గన్ సరదాతో పోలీసవుతా అంటే మాత్రం నేనే వద్దంటా.

2023 మేలో అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో మన తెలుగమ్మాయి ఒకరు కూడా చనిపోయారు, మీకు దగ్గరే కాబట్టి మర్చిపోయి ఉండరు. ఆ రోజు వేరే పని మీద అక్కడున్న ఒక ఆఫీసర్ శబ్దం వైపు పరిగెత్తి ఆ కాల్చేవాణ్ణి ఆపాడు. మీవాడు కావాలనుకుంటున్నది అలాంటి మనిషి అయ్యుంటాడు, ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

వయసు సంగతి, మామూలుగా 21, కాలేజీలో 60 క్రెడిట్ అవర్స్ ఉంటే 18కే రాష్ట్రం ఒప్పుకుంటుంది, డిపార్ట్‌మెంట్ రూల్ వేరేగా ఉండొచ్చు. డ్రగ్స్, అప్పులు, సోషల్ మీడియా పోస్టులు అన్నీ తవ్వుతారు, సైకలాజికల్ టెస్ట్ తప్పదు. మిగతా పేరెంట్స్‌కి ఒక మాట, టెక్సస్‌లో పోలీసవ్వాలంటే అమెరికన్ సిటిజన్ అయ్యుండాలి, గ్రీన్‌కార్డ్‌తో అవకాశం మిలిటరీలో చేసి గౌరవంగా బయటికొచ్చినవాళ్లకే, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీదున్న పిల్లలు ఆ ఆశతో డిగ్రీ ఎంచుకునే ముందు ఇది చూసుకోండి.