చిన్నమ్మడికి, అడ్వాన్సు ఇచ్చే ముందు

తిరుపతి

చిరంజీవి చిన్నమ్మడికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చెన్నైలో శాంతోమ్ దాటాక, అడయార్ నది సముద్రంలో కలిసే చోట పదకొండో అంతస్తులో ఫ్లాటు చూశావట. హాల్లో నిలబడితే ఒకవైపు సముద్రం, మరోవైపు నదీముఖం కనిపిస్తాయట. వచ్చే నెలలో అడ్వాన్సు ఇద్దామనుకుంటున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఫోనులో చెబితే "సరే అత్తా, చూద్దాం అత్తా" అని దాటేస్తావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుతావని రాస్తున్నాను.

ముందు సంతోషం సంగతి. చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసులో నేను గుమాస్తాగా చేరిన కొత్తలో ఆడవాళ్లు ఆ గడప ఎక్కడమే అరుదు. 1986లో మన రాష్ట్రం వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లకు మగపిల్లవాడితో సమానంగా వాటా ఇచ్చింది. ఆ తరువాత ఆడపిల్లలు రావడం పెరిగింది. దేనికి వచ్చేవారనుకున్నావు? అన్నదమ్ములకు హక్కు విడుదల పత్రాలు రాసి ఇవ్వడానికి. పసుపు కుంకుమల కింద ఒక చీర చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుని తీసుకుపోయేవారు. అలాంటి పత్రాలను నా చేతులతోనే పుస్తకాల్లోకి నకలు రాశాను. ఈరోజు మన ఇంటి ఆడపిల్ల తన జీతంతో, తన ఒక్కదాని పేరు మీద, కొనుగోలుదారుగా సంతకం పెట్టబోతోంది. మీ నాన్న ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. కాబట్టి నిన్ను ఆపడానికి రాస్తున్నానని అనుకోకు.

మామూలు కాగితాల గురించి నీకు విడమరచి చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాను, రెరా (ఇళ్ల నిర్మాణాల మీద నిఘా ఉంచే సంస్థ) నమోదు, నీ వాటాకు వచ్చే భూమి ఎంతో లెక్క. బ్యాంకువాళ్ల లాయరు చూశాడు కదా అని ఊరుకోకు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు క్షేమం. నీ కోసం చూసే లాయరును నువ్వే పెట్టుకో.

నన్ను పట్టి పీడిస్తున్నది వేరే ఉంది. మీ పెదనాన్న ఇంటి సంగతి నీకు తెలుసనుకుంటున్నావు. నీకు తెలిసింది సగమే. ఆయన ఎవరితోనూ ఆ ఊసు ఎత్తడు, పిల్లల దగ్గర అసలే ఎత్తడు. నా మీద కోప్పడినా సరే, నీకు చెప్పక తప్పదు.

ఆయన తిరుచానూరు దాటాక స్వర్ణముఖి గట్టున స్థలం కొన్నది తొంభైల్లో, నడి వేసవిలో. ఏటిలో నీళ్లు లేవు, కనుచూపు మేరా ఇసుకే. పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు, లారీలు దిగి ఇసుక నింపుకుపోతున్నాయి. ఊళ్లో ఒక సెంటు ధరకు అక్కడ రెండు సెంట్లు వస్తున్నాయి. సాయంత్రం గాలి మాత్రం నిజంగా బాగుండేది. ఆయన ఆ గాలికి మనసు పారేసుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కు ముందు దస్తావేజు ముసాయిదా తెచ్చి నాకు చూపించాడు. చదువుతూ చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, దగ్గర ఆగిపోయాను. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి స్థలం, ఉత్తరాన పంచాయతీ దారి, దక్షిణాన స్వర్ణముఖి నది. మూడు వైపులా అడుగులతో సహా కొలతలు ఉన్నాయి, రాళ్లు పాతారు. నాలుగో వైపు "నది వరకు" అని రాసి వదిలేశారు.

"అన్నా, ఈ వైపు రాయి ఎక్కడ?" అని అడిగాను.

"ఏరే రాయి" అన్నాడు. "ఎండిపోయిన ఏటికి కూడా భయపడతావేమే" అని నవ్వాడు. పెద్ద వానలకు నీళ్లు ఎంతవరకు వచ్చేవో ఆ ఊరి ముసలివాళ్లను అడగమన్నాను. అడగలేదు. గట్టు నుంచి ఎంత లోపలికి ఇల్లు కట్టాలో ఏ ఇంజనీరునూ అడగలేదు. ఏరు కనిపించాలని వంటగదిని కూడా అటువైపే పెట్టించాడు.

చాలా ఏళ్లు ఆయన మాటే నెగ్గింది. కొబ్బరి మొక్కలు నాటాడు, అవి చెట్లయ్యాయి. గట్టు అంచున సిమెంటు బల్ల కట్టించాడు. పంచమి తీర్థానికి వచ్చిన చుట్టాలంతా దాని మీద కూర్చుని "ఇల్లంటే ఇదీ" అని మెచ్చుకున్నవారే. నువ్వూ కూర్చున్నావు, పరికిణీ వేసుకునే వయసులో.

2021 నవంబరులో ఆ వానలు వచ్చాయి. కొండ మీది నుంచి కపిలతీర్థంలోకి నీళ్లు దూకే తీరు చూసి పెద్దవాళ్లు కూడా భయపడ్డారు. కల్యాణి డ్యాం గేట్లు ఎత్తారు. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు నదిలోకి కూలిపోవడం టీవీల్లో అందరూ చూశారు. అది మన ఇల్లు కాదు. మన ఇంటికి జరిగింది ఎవరి ఫోనులోనూ లేదు. వరద ఇంట్లోకి రానేలేదు చిన్నమ్మడూ. ఏరు గట్టును అడుగు నుంచి కోసుకుంటూ పోయింది, పైనున్న నేల గజం గజం చొప్పున విరిగి పడింది. ముందు సిమెంటు బల్ల పోయింది. తరువాత అంచున ఉన్న కొబ్బరి చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. తరువాత ప్రహరీ. మీ పెద్దమ్మ దస్తావేజుల ఇనప్పెట్టె నెత్తిన పెట్టుకుని ఆ వానలోనే వీధిలోకి వచ్చి నిలబడింది. తెల్లవారేసరికి వంటగది గోడకు బారెడు దూరంలో కోత ఆగింది. నాలుగు సెంట్ల నేల పోయింది. ఆ నాలుగు సెంట్ల దస్తావేజు మాత్రం ఆ పెట్టెలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

ఇప్పుడు రాత్రి వాన పడితే మీ పెదనాన్నకు నిద్ర లేదు. టార్చి వేసుకుని వెనక గోడ దగ్గరకు వెళ్లి చూసి వస్తాడు. అమ్ముదామంటే, వచ్చినవాడు కూడా ముందు ఆ గోడ దగ్గరకే వెళ్లి కిందికి చూసి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోతాడు.

మరి నువ్వు చేసిందేమిటి? ఫిబ్రవరిలో, సాయంత్రం అయిదు గంటలకు, అమ్మకాల మనిషి తెరిచి చూపించిన కిటికీలోంచి చూసి వచ్చావు. ఇంత చదువుకున్నదానివి! చెన్నైలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరులోపే పడుతుంది. ఆ మూడు నెలల్లో ఒక్క రోజైనా ఆ నదిని చూడకుండా దాని ఒడ్డున ఇల్లు కొంటావా? 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం చెరువు నుంచి ఆ నదిలోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. ఆ నీళ్లకు దారి పొడవునా మిగతా చెరువుల నీళ్లు కలిశాయి. సైదాపేట, కొట్టూర్‌పురం మునిగాయి. ఆ నీళ్లన్నీ చివరికి సముద్రంలో కలిసింది నీ కిటికీ కిందే. ఆ నదీముఖంలో ఇసుక మేట వేస్తుంది. మేట తీయకుండా వదిలేసి, సముద్రం పోటు మీద ఉన్న సమయంలో వరద వస్తే, నది నీళ్లకు పోయే దారి ఉండదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది కూడా ఆ తీరానికే.

పదకొండో అంతస్తుకు నీళ్లు రావంటావు, నిజమే. కానీ జనరేటరు, కరెంటు ప్యానెళ్లు, తాగునీటి సంపు కిందే కదా ఉండేది? కింద మునిగితే పైన లిఫ్టు లేదు, పంపు లేదు, తాగడానికి నీళ్లు లేవు. మీ అమ్మ ఆ మోకాళ్లతో పదకొండు అంతస్తులు ఎలా దిగుతుంది? నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇదే. జనరేటరు ఏ మట్టంలో పెట్టారో, సంపు మూత రోడ్డు కంటే ఎంత ఎత్తున ఉందో నీ కళ్లతో చూడు. 2015లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు నిలిచాయో తెలుసుకో. అమ్మేవాళ్లను అడగవద్దు. దగ్గరలోనే శ్రీనివాసపురం ఉంది, మత్స్యకారులు ఉండే చోటు. అక్కడి ఆడవాళ్ల దగ్గర చేపలు కొంటూ అడుగు, నీకు తమిళం బాగా వచ్చు. ఆ నీళ్లను ఒంటి మీద చూసినవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

వాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ తీరం నీకంటే ముందు వాళ్లది. తెల్లవారుజామున పడవల మోత ఉంటుంది, ఎండు చేపల వాసన ఉంటుంది. రెండేళ్లకే అది భరించలేక, పక్క ఫ్లాటువాళ్లతో కలిసి వాళ్లను ఖాళీ చేయించమని అర్జీ పెట్టేలా ఉంటే ఆ ఇల్లు వద్దు. మీ నాన్న కూతురు ఆ అర్జీ మీద సంతకం పెట్టకూడదు.

ఒక్క కాగితం గురించి మాత్రం ఎన్నిసార్లైనా అడుగుతాను. తీరప్రాంతంలో కట్టడాలకు సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి) అని కేంద్రం పెట్టిన నిబంధనలు ఉన్నాయి. 1991లో మొదలై 2011లో, 2019లో మారాయి. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకానే కాదు, పోటు నీళ్లు ఎక్కే నదీముఖాల వెంట కూడా అవి వర్తిస్తాయి. ఆ భవనానికి అనుమతి ఏ సంవత్సరపు నిబంధన కింద వచ్చింది, ఏ సర్వే నంబరుకు వచ్చింది, ఎఫ్ఎంబీ స్కెచ్చులో (సర్వే శాఖ గీసిన కొలతల పటంలో) ఆ నంబరు పక్కన నది పోరంబోకు, అంటే నదికి చెందిన ప్రభుత్వ భూమి, ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ కాగితం మీద చూడాలి. కొచ్చి దగ్గర మరడులో నీటి ఒడ్డున కట్టిన నాలుగు ఖరీదైన అపార్ట్‌మెంట్ సముదాయాలను సీఆర్‌జెడ్ ఉల్లంఘన కింద సుప్రీంకోర్టు కూల్చేయమంది. 2020 జనవరిలో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. కొన్నవాళ్ల దగ్గర రిజిస్టరైన దస్తావేజులు ఉన్నాయి, అయినా ఇల్లు నిలవలేదు. రిజిస్ట్రారు ఆఫీసు ముద్ర నువ్వు కొన్నావని మాత్రమే చెబుతుంది. కట్టినవాడు సక్రమంగా కట్టాడని ఆ ముద్ర ఎన్నడూ చెప్పదు. జీవితమంతా ఆ ముద్ర వేసిన ఆఫీసులో పనిచేసినదాన్ని, నా మాట నమ్ము.

ఉప్పుగాలి ఖర్చు కూడా లెక్కలో వేసుకో. ఏసీ బయటి డబ్బా, కిటికీ చువ్వలు, తలుపు బందులు అన్నీ అక్కడ తొందరగా పాడవుతాయి. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఆ వీధిలోనే పాత భవనం ఒకటి వెతికి, బాల్కనీల అడుగు భాగాన్ని తలెత్తి చూడు. మెట్రో వాటర్ కనెక్షన్ ఉందో, ట్యాంకర్ల మీద బతుకుతున్నారో కనుక్కో. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండినప్పుడు ఎంత డబ్బున్నవాళ్లైనా లారీ కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

నీకు నీళ్ల మీద ఉన్న ప్రేమ నాకు తెలియనిది కాదు. కట్టమంచి చెరువు నిండిందని తెలిస్తే బడి మాన్పించి, సైకిలు ముందు కడ్డీ మీద నిన్ను కూర్చోబెట్టుకుని కట్ట మీదికి తీసుకుపోయేవాడు మీ నాన్న. అందరూ అలలు చూస్తుంటే, ఆయన తూము దగ్గర వంగి, ఈ ఏడు నీళ్లు ఏ రాతి దాకా ఎక్కాయో నీకు చూపించేవాడు. ఆయన పోయాక, ఎక్కడ నిండు నీళ్లు కనిపించినా నాన్న పక్కన ఉన్నట్టే ఉంటుందని నువ్వు నాతో అన్నావు. ఆ కిటికీ దగ్గర ఎందుకు నిలబడిపోయావో నాకు తెలుసమ్మా. తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. అలా నిలబడిపోయినవాళ్లు ధర బేరమాడరు, ప్రశ్నలు అడగరు.

ఇప్పుడే కొనకు, వదులుకోనూ వద్దు. అదే భవనంలో గానీ, అదే వీధిలో గానీ అద్దెకు దిగు. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ఉండి చూడు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున సెలవు పెట్టి అక్కడే ఉండు, కిందికి దిగి వీధిలో నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. అద్దె డబ్బు దండగ అనుకోకు. ఈలోగా ధర పెరుగుతుందని బ్రోకరు తొందరపెడతాడు. పెరిగితే పెరగనీ. బీసెంట్ నగర్ లోపలి వీధుల్లో కూడా ఒకటి రెండు ఇళ్లు చూడు. కిటికీలోంచి సముద్రం కనిపించకపోతేనేం, సాయంత్రం మీ అమ్మ చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లవచ్చు.

ముసాయిదా, ఈసీ, ఎఫ్ఎంబీ స్కెచ్చు, అనుమతి పత్రం నకళ్లు తీసి నాకు కొరియరులో పంపు. ఫోనులో పంపితే నా కళ్లకు ఆనవు. తమిళంలో ఉన్నా ఫరవాలేదు, చిత్తూరులో పనిచేసినదానికి ఆ అక్షరాలు కొత్త కాదు. చెక్కుబందీ నేను చదివేదాకా ఎవరికీ రూపాయి ఇవ్వకు. అన్నీ సరిగ్గా ఉండి, సంక్రాంతి తరువాత కూడా నీకు ఆ ఇల్లే కావాలనిపిస్తే, రిజిస్ట్రేషన్‌కు ముందు రోజే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను. మొదటి సాక్షి సంతకం నాది, ఇంకెవరికీ మాట ఇవ్వకు.

ఇట్లు
నీ మేనత్త