సినిమా నుంచి సీరియల్‌కి వస్తున్న దర్శకుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

రెండో సినిమా ఆలస్యమయ్యేలా ఉందనీ, ఈలోగా డైలీ సీరియల్ ఒప్పుకున్నాననీ రాశావు. ఇందులో నామోషీ ఏమీ లేదు. రాజమౌళి 2001లో 'స్టూడెంట్ నెం.1' కంటే ముందు, రాఘవేంద్రరావు గారి పర్యవేక్షణలో ఈటీవీకి 'శాంతి నివాసం' తీశారు. బాపు గారు అన్ని సినిమాలు తీశాక అదే ఈటీవీకి 'శ్రీ భాగవతం' తీశారు. కనక ఆ బెంగ పక్కన పెట్టి లెక్క చూడు.

ప్రకటనలకూ చానల్ సొంత ప్రోమోలకూ కలిపి గంటకు 12 నిమిషాలు నిబంధన. అంటే అరగంట స్లాట్‌లో ఆరు నిమిషాలు పోతాయి. టైటిల్స్, రీక్యాప్ తీసేస్తే నువ్వు నింపాల్సింది 20 నుంచి 22 నిమిషాలు. సినిమాలో రోజుకి రెండు మూడు నిమిషాలు వస్తే బాగా జరిగిందనుకుంటాం. ఇక్కడ రోజుకి దాదాపు ఒక ఎపిసోడ్ లేవాలి. సినిమా నుంచి వచ్చినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పొద్దున మొదటి సీనుకి పద్నాలుగు షాట్లు వేసుకుంటారు, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఇంకా ఆరు సీన్లుంటాయి. సాయంత్రం సీన్లన్నీ ఇద్దరిని నిలబెట్టి మాట్లాడించడమే అవుతుంది. ఎపిసోడ్ చూసేవాడికి ఆ అతుకు తెలిసిపోతుంది. అందుకని రోజుకి ఒక్క సీను ఎంచుకో. ఎపిసోడ్ చివర ఫ్రీజ్ అయ్యేదైతే మరీ మంచిది. నీ పనితనమంతా దాని మీద పెట్టు. మిగతావి ఒక పద్ధతిలో నడిపించు.

ఆ పద్ధతి చెప్తాను. హాల్ సెట్లో భోజనాల బల్ల దగ్గర ఆరుగురున్నారనుకో. ఒక కెమెరా మాస్టర్‌కి, అంటే అందరూ కనపడే షాట్‌కి, రెండోది ఎడమవైపు వాళ్ల క్లోజులకి, మూడోది కుడివైపు వాళ్లకి. మాట్లాడుకునేవాళ్ల మధ్య ఒక గీత ఉందనుకో, దాన్నే లైన్ అంటాం. మూడూ ఆ లైన్‌కి ఒకే పక్కన ఉండాలి. ఒక్కటి దాటినా అత్తా కోడలూ ఒకే వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నట్టుంటుంది, ఎడిటర్ ఏమీ చేయలేడు. సీను మొత్తం ఒకసారి ఆపకుండా తీయి. రెండోసారి సజెషన్లు, అంటే ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లని చూపే షాట్లు, మార్చుకుని తీయి. తర్వాత లైట్లు కదపకముందే ఒక్కొక్కరి చేత మాటల్లేకుండా రియాక్షన్లు ఇప్పించు. కోపం, అనుమానం, తల దించుకోవడం, తలా అయిదారు సెకన్లు. వీటిని తక్కువగా చూడకు. ఎపిసోడ్ నలభై సెకన్లు తక్కువొచ్చిన రాత్రి ఆదుకునేవి ఇవే. డైలాగ్ చెడిపోతే మీద కప్పుకునేవీ ఇవే.

మూడు కెమెరాలకీ ఒకే లైటింగ్ కాబట్టి నువ్వు సినిమాలో ఇష్టపడే నీడలు ఇక్కడ కుదరవు. పైనుంచి మెత్తటి వెలుతురు పెట్టి, మొహాలకి వేరుగా కొంచెం ఇస్తే చాలు. కెమెరాలన్నీ సెకనుకి 25 ఫ్రేముల మీద, షట్టర్ 1/50 దగ్గర ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 1/60కి పోతే ట్యూబ్‌లైట్లూ చవక ఎల్ఈడీలూ మినుకుమంటాయి, అది మానిటర్లో కనపడకుండా ఎడిటింగ్‌లో బయటపడుతుంది. రంగులు సరిచూసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకు, మూడింటికీ ఒకే అంకె పెట్టించు. ఫ్రేము పై మూల చానల్ లోగోదీ, అడుగు భాగం స్క్రోలింగ్‌దీ. ఉత్తరమో ఫోన్ మెసేజో చూపించాలంటే నడిమధ్యన చూపించు.

ప్రాంప్టింగ్‌తో జాగ్రత్త. ఇతర భాషల నుంచి వచ్చిన నటీనటులు చాలామంది ఉంటారు, ప్రాంప్టర్ మాట అందిస్తే అందుకుని చెప్తారు. అతని గొంతు, నటి గొంతు ఒకదాని మీద ఒకటి పడితే డబ్బింగ్ చెప్పేవాళ్లకి పైలట్ ట్రాక్, అంటే సెట్లో రికార్డయిన మాటలు, పనికిరాదు. అందించాక అర సెకను ఆగి మొదలుపెట్టడం మొదటి వారంలోనే అలవాటు చెయ్యి. ప్రాంప్టర్‌ని ఎదుటి పాత్ర వెనకాలే నిలబెట్టు. పక్కన ఎక్కడో ఉంటే కళ్లు అటు జారతాయి, క్లోజ్‌లో అది దాగదు.

ఒకే సెట్లో నాలుగు ఎపిసోడ్ల సీన్లు ఒకే రోజు తీస్తారు. వాటిని కథ వరసలో కాకుండా చీరల వరసలో పెట్టుకో. చీర మార్పు, నగలు, జడ కలిపితే ఇరవై నిమిషాలు పోతుంది. కంటిన్యూటీ ఫొటో సీను మొదట్లో అందరూ తీస్తారు, చివర తీయడమే మరిచిపోతారు. చెదిరిన బొట్టు, జారిన పైట, సగం తాగిన కాఫీ కప్పు ఉండేది చివరే.

ఏ ఆర్టిస్టు డేట్లు నెలలో ఎన్నో ముందే రాయించుకో. ఇద్దరు ముఖ్యులు ఒకే రోజు దొరకకపోతే డూప్ భుజం పెట్టి సజెషన్‌లో లాగొచ్చు గానీ, కంటతడి పెట్టే సీనుకి ఆ పని చెయ్యకు. బ్యాంకింగ్, అంటే ముందే తీసి నిల్వ ఉంచుకునేవి, పది ఎపిసోడ్లకి తగ్గనివ్వకు. అయిదుకి పడిందంటే ఒక జ్వరం చాలు, టెలికాస్ట్ ఆగేదాకా వస్తుంది.

ఇవి కాక, సినిమావాళ్లు టీవీకి చేసిన మంచి పని చూడాలంటే రెండు చూడు. శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్'లో ఆగుంబే ఊరిని ఎన్ని కథలకి వాడారో గమనించు, కొత్త లొకేషన్ కోసం నువ్వు వేసే బడ్జెట్ సగం అనవసరమనిపిస్తుంది. శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' 53 భాగాలు. అవే మొహాలు వేరువేరు పాత్రల్లో వస్తుంటాయి, అన్నిటినీ నెహ్రూ పాత్ర, వ్యాఖ్యానం కలిపి పట్టుకుంటాయి. పొడుగాటి కథకి అలాంటి పట్టుగొమ్మ ఒకటి ఉండాలి. నీ సీరియల్లో అది ఏమిటో వన్‌లైన్ (సీన్ల క్లుప్త వరస) చదివేటప్పుడే రచయితని అడుగు.

రేటింగులు గురువారం వస్తాయి. ఆ రోజు చానల్ నుంచి ఫోన్ వస్తే వాళ్లు చెప్పే మార్పు రాతపూర్వకంగా అడుగు, మర్యాదగానే. మూడు వారాల్లో అదే మార్పు ఎవరు చెప్పారని వాదన వస్తుంది.

సంతకం పెట్టే ముందు ఒప్పందంలో రెండు చూసుకో. నీకిచ్చే డబ్బు నువ్వు తీసిన ఎపిసోడ్‌కా, ప్రసారమైన ఎపిసోడ్‌కా? మధ్యలో నిన్ను మారిస్తే నువ్వు తీసి బ్యాంకులో ఉన్నవాటికి టైటిల్ కార్డు మీద ఎవరి పేరు పడుతుంది?