రగ్బీలో లాక్‌గా ఆడించాలా, ఫ్లాంకర్‌గానా?

నమస్కారమండీ. రగ్బీ ఆడే పదిహేడేళ్ల మీ అబ్బాయిని కోచ్ ఒక వారం లాక్‌గా, మరో వారం ఫ్లాంకర్‌గా ఆడిస్తున్నారనీ, ఆర్కే బీచ్‌లో అతని ఆట చూసినవారంతా అప్పుడే దేశానికి ఆడాలంటున్నారనీ రాశారు. స్థానం ఇప్పుడే తేల్చనక్కరలేదు. ఇంగ్లండ్ ఆటగాడు మారో ఇటోజే ఈ రెండు స్థానాల్లోనూ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడారు.

అయితే 4, 5 నంబర్ల లాక్‌లు స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు బంతి కోసం వరుసలుగా ఒకరినొకరు తోసుకునే గుంపు) రెండో వరుసలో నిలిచి ముందువారిని బలంగా తోయాలి కనుక, మెడా వెన్నూ తగినంత గట్టిపడేవరకు అబ్బాయిని ఎక్కువగా స్క్రమ్ అంచున నిలిచే 6వ నంబరు ఫ్లాంకర్‌గానే ఆడించి, టాకిల్‌లో (బంతి ఉన్న ప్రత్యర్థిని పట్టి పడగొట్టేటప్పుడు) తలను సురక్షితంగా పక్కన ఉంచే పద్ధతిని ఓపికగా నేర్పించమని కోచ్‌ను అడగండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న సెవెన్స్‌లో (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఫార్వర్డ్‌లు, అంటే స్క్రమ్‌లో నిలిచేవారు, ముగ్గురే. కనుక ఫ్లాంకర్‌గా అలవడిన పరుగు అక్కడా పనికొస్తుంది. ఇతరుల ఆశలను మాత్రం దయచేసి ఇంట్లో చర్చకు రానివ్వకండి. మ్యాచ్ అయ్యాక అతని టాకిల్‌ల గురించే మాట్లాడండి.