ఆర్లింగ్టన్ ఫైనల్‌కి మీడియా పాస్ గురించి

మీ అబ్బాయి స్కూల్ బ్యాండ్‌లో ట్యూబా (పెద్ద ఇత్తడి బాకా) వాయిస్తున్నాడు, టెక్సాస్ హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేట్ ఫైనల్‌లో మైదానం అంచున నిలబడి ఫొటోలు తీయడానికి మీడియా పాస్ దొరుకుతుందా అని అడిగారు కదండీ. ముందు వాడికి అభినందనలు చెప్పండి!

ఆ పాస్‌లు పత్రికలు, టీవీల లాంటి వార్తా సంస్థల వాళ్ళకే. తల్లిదండ్రులుగా దాని కోసం తిరగడం వృథా. దానికి బదులు ఇవాళే బ్యాండ్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టి, హాఫ్‌టైమ్‌లో (ఆట మధ్య విరామంలో) పిల్లలు ఏ వైపుకి తిరిగి వాయిస్తారో కనుక్కోండి. టికెట్ ఆ వైపే, కాస్త పై వరసలో తీసుకోండి. కింద కూర్చుంటే బ్యాండ్ పిల్లల వరసలు ఒకదాని మీద ఒకటి పడి వాడి ముఖం కనిపించదు. పైనుంచైతే ట్యూబా వెడల్పాటి మూతి మీద లైటు మెరవడం కూడా ఫొటోలో పడుతుంది. కెమెరా షట్టర్ స్పీడ్ 1/500 సెకను పెట్టుకోండి.

ఫైనల్ జరిగే ఏటీ అండ్ టీ స్టేడియంలోకి 12×6×12 అంగుళాలు దాటని పారదర్శక బ్యాగ్, లేదా అరచేయంత చిన్న పర్సు మాత్రమే తీసుకెళ్ళనిస్తారు. ఆ సంగతి చూసుకోక మా అత్తగారి నల్ల హ్యాండ్‌బ్యాగ్ కారులో పెట్టడానికి నేను పార్కింగ్ దాకా వెనక్కి నడిచాను, ఆటలో తొలి క్వార్టర్ (పావు భాగం) పోయింది. లెన్స్ సైజు నియమం కూడా ముందే చూసుకోండి.

వేర్వేరు విభాగాలవి కలిపి 4 రోజుల్లో 12 ఫైనల్స్, రోజుకి మూడు. ముందు మ్యాచ్ సాగితే మీది ఆలస్యమవుతుంది, టెన్షన్ పడకండి.