బెల్టు పైన మెరిసే గీత పడితే ఆ తూటా కేసు మళ్లీ నింపకండి

మూడోసారి నింపిన .300 విన్‌మ్యాగ్ (ఒక రైఫిల్ తూటా రకం) కేసుల్లో, అంటే ఇత్తడి గొట్టాల్లో, బెల్టుకు (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పట్టీకి) కాస్త పైన మెరిసే గీత పడుతోందని, పౌడరు తగ్గిస్తే పోతుందా అని అడిగారు. పౌడరు తగ్గించినంత మాత్రాన అది పోదండీ, కేసు అక్కడ తెగబోతోంది. పేపర్ క్లిప్పు కొన వంచి, లోపలి గోడ మీద అడుగు నుంచి పైకి గీయండి. గాడిలో పడి టక్కున తగిలితే పట్టకారుతో మూతి నలిపి పారేయండి, మళ్లీ డబ్బాలో కలవకుండా.

తప్పు మీ సైజింగ్ డైది, అంటే కాల్చిన కేసును మళ్లీ కొలతకు నొక్కే అచ్చుది. షెల్ హోల్డరుకు (కేసు అడుగును పట్టుకునే బిళ్లకు) ఆనేదాకా బిగిస్తే భుజం (కేసు మెడ కింద వాలుగా ఉండే భాగం) అవసరానికి మించి వెనక్కి పోతుంది. కేసు ముందుకు జారకుండా బెల్టు ఆపుతుంది కాబట్టి తూటా మామూలుగానే పేలుతుంది, కానీ ఇత్తడి ప్రతిసారీ ముందుకు సాగి బెల్టు పైన పలచబడుతుంది.

డైని బాగా పైకి తిప్పి మొదలెట్టండి. మరలో ఒక చుట్టు అంటే 0.071 అంగుళాలు, ఎనిమిదో వంతు తిప్పినా దాదాపు 0.009, అదే ఎక్కువ. వెంట్రుకవాసి చొప్పున దించుతూ కంపారేటర్‌తో (భుజం దాకా పొడవు చూపే సాధనంతో) కొలవండి. మీ తుపాకిలోనే కాల్చిన కేసు కంటే భుజం 0.002 అంగుళాలు వెనక్కి వచ్చాక, డై కదలకుండా లాక్ రింగు బిగించండి. ఖాళీ కేసుతో బోల్టు సులువుగా మూసుకోవాలి. కేసు పొడవు 2.620 అంగుళాలు దాటితే 2.610కి కోయండి. ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు మాత్రం, నన్నడిగితే, కొత్త కేసులే.