స్పీడ్ 40 చూపిస్తున్నా కువైట్ కాల్‌లో మాట ఎందుకు తెగుతుందంటే

అమ్మ రాజోలు దగ్గర, మీరు కువైట్‌లో, ఇంట్లో స్పీడ్ టెస్ట్ పెడితే 40 ఎంబీపీఎస్ వస్తోంది, అయినా వాట్సాప్ కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినపడుతోంది అన్నారు కదండీ. ఇదే గోల మేమూ ఏడాది పడ్డాం. మాది మలికిపురం దగ్గర, అక్క కువైట్‌లో ఉంటుంది. దానికి పని అయ్యేసరికి అక్కడ రాత్రి ఎనిమిది, మనకి పదిన్నర. సరిగ్గా అప్పుడే మొదలయ్యేది, "హలో, వినపడుతోందా, హలో" అని అమ్మ అరుపులు.

ప్లాన్ పెంచాం, ఫోన్ మార్చాం, ఏమీ ఒరగలేదు. ఓ రాత్రి మాట్లాడుతుండగా చెరువు దగ్గర కరెంట్ పోయింది, ఇంట్లో రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తోంది. అంతే, అక్క "ఏంట్రా, పక్కగదిలో ఉన్నట్టు వినపడుతున్నావ్" అంది. ఆరా తీస్తే దొంగ దొరికాడు. రొయ్యల చెరువు దగ్గర నాలుగు కెమెరాలు మా ఇంటి నెట్ మీదే ఉన్నాయి, చెరువులో వాటా ఉన్న బాబాయి భీమవరంలో పడుకుని నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని రాత్రంతా ఆ కెమెరాల్లోంచి ఫోన్లో చూసుకుంటాడు. ఆ వీడియో అంతా మా ఇంటి నుంచి బయటికి వెళ్లాలి. మా పాత కేబుల్ నెట్‌లో అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్సే.

మాటకి నిజానికి 100 కేబీపీఎస్ కూడా అక్కర్లేదు. కాకపోతే వాట్సాప్ గొంతుని మిల్లీసెకన్ల లెక్కన చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతుంది, ఆలస్యంగా చేరిన ముక్క రానట్టే లెక్క. యూట్యూబ్ ముందే కొంత దాచుకుని ఆడుతుంది కాబట్టి ఆగదు, ఎదురుగా మాట్లాడే మనిషి మాటని ముందే దాచుకోలేం కదా. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటే కొద్దీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేసుకుంటారు. అందుకే డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకండి, అప్‌లోడ్ చూడండి, పింగ్, అంటే ఓ ముక్క వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఒకే తీరుగా ఉందో ఎగిరెగిరి పడుతోందో చూడండి, అదీ కాల్ చేసే వేళకే.

మేం కెమెరాలని సబ్‌స్ట్రీమ్‌కి, అంటే తక్కువ క్వాలిటీకి మార్చాం, ముప్పావు వంతు బాధ పోయింది. మిగతాది రౌటర్ వల్ల. ఇనప బీరువా మీద పెట్టారు, అమ్మేమో వీధరుగు మీద కూర్చుని మాట్లాడుతుంది. కిటికీ దగ్గరికి మార్చి, అమ్మ ఫోన్‌ని 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపాను, 5 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి సరిగా రాదు.

మీ ఇంట్లో కెమెరాలు లేకపోతే ఫొటోల బ్యాకప్ అప్‌లోడ్‌ని తినేస్తోందేమో చూడండి. అదీ కాకపోతే ఓసారి వైఫై ఆపి మొబైల్ డేటా మీద మాట్లాడమనండి. అప్పుడు బాగుంటే తప్పు ఇంటి నెట్‌దే, కేబుల్ కుర్రాడిని పిలిచి కొబ్బరి మట్టలు రాసుకుంటున్న చోట వైరు చూపించండి. దుబాయ్ వాళ్లు మాత్రం ఈ తిప్పలు పడి లాభం లేదు, అక్కడ వాట్సాప్ కాల్‌నే ఆపేశారు, అక్కడున్న మా బావ బోటిమ్ అనే కాల్ యాప్ వాడతాడు.

ఇంకోటండీ, నెట్ కాల్ ఉంది కదా అని అమ్మ సిమ్‌కి రీఛార్జి మానేయకండి. వాట్సాప్ నుంచి 108కి ఫోన్ వెళ్లదు.